ట్రాన్సాక్షన్ కోఆర్డినేటర్‌ను పెట్టుకోవడం ఎలా? అమెరికాలో ఇళ్లు కొనిపించే, అమ్మించే తెలుగు ఏజెంట్లకు

నెలకు రెండు మూడు ఇళ్లు క్లోజ్ చేసే (అంటే అమ్మకం పూర్తిచేసే) దశకు రాగానే ఏజెంట్లు అడిగే ప్రశ్న ఒకటే. కాగితాల పనికి టీసీని, అంటే ట్రాన్సాక్షన్ కోఆర్డినేటర్‌ను, పెట్టుకుందామనుకుంటున్నాం. పని తెలిసినవాళ్లో కాదో ముందే ఎలా పసిగట్టాలి? రెజ్యూమేలన్నీ ఒకేలా ఉంటాయి. ఫోన్లో అందరూ మర్యాదగానే మాట్లాడతారు. తేడా బయటపడేది ఒక్కచోటే: సంతకాలైన కాంట్రాక్ట్ చేతిలో పెట్టి "ఇందులో గడువులన్నీ తీసి పంపండి" అన్నప్పుడు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ పరీక్షకే ఇచ్చాం.

ఇంకో మాట మొదట్లోనే చెప్పుకోవాలి. టీసీ వచ్చినంత మాత్రాన బాధ్యత చేతులు మారదు. గడువు దాటితే నష్టపోయేది మీ క్లయింట్, ఫిర్యాదు వచ్చేది మీ లైసెన్స్ మీద, మీరు ఎవరి కింద పనిచేస్తున్నారో ఆ బ్రోకర్ మీద. మీరు అప్పగిస్తున్నది పని మాత్రమే.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- గత 12 నెలల ఫైళ్ల లెక్క: కొనేవాళ్ల తరఫున ఎన్ని, అమ్మేవాళ్ల తరఫున ఎన్ని, మధ్యలో రద్దయినవి ఎన్ని. రద్దయినవాటి లెక్క ఎందుకో ఫీజు దగ్గర తెలుస్తుంది.
- మీ బ్రోకరేజ్ వాడే ఫైల్ చెక్‌లిస్ట్, సాఫ్ట్‌వేర్ పేరు (డాట్‌లూప్, స్కైస్లోప్ వంటివి).
- క్లోజయిన పాత ఫైల్ ఒకటి, పేర్లు, అడ్రస్, ఫోన్ నంబర్లు, బ్యాంకు వివరాలు కొట్టేసి. పీడీఎఫ్ మీద నల్లడబ్బా పెడితే చాలదు. దాని కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేస్తే బయటికొస్తాయి. ప్రింట్ తీసి, మార్కర్‌తో కొట్టేసి, మళ్లీ స్కాన్ చేయండి.
- మీ సొంత సమయం రెండు గంటలు. ఆ ఫైల్‌కు సరైన జవాబుల కాగితం మీరే తయారుచేయాలి. అది మీకే రాకపోతే వచ్చిన జవాబు తప్పో ఒప్పో తేల్చలేరు.

1. ముందు బ్రోకర్‌ను అడగండి

చాలామంది టీసీని కుదుర్చుకున్నాక బ్రోకర్‌కు చెబుతారు. అది తిరగబడిన వరస. నాలుగు విషయాలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి: బయటి టీసీకి అనుమతి ఉందా? వాళ్లకు ఫైల్ సిస్టమ్‌లో విడిగా లాగిన్ ఇస్తారా? ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ ఇన్సూరెన్స్ (పనిలో జరిగే పొరపాట్లకు బీమా) టీసీ చేసిన పొరపాటుకూ వర్తిస్తుందా? టీసీ ఫీజు క్లయింట్ నుంచి తీసుకోవచ్చా? ఇన్సూరెన్స్ ప్రశ్నకు "ఉండొచ్చు" అని జవాబు వస్తే ఆగకండి. పాలసీలో ఆ వాక్యం చూపించమనండి.

2. పనికి హద్దు గీయండి

కాలిఫోర్నియాలో గానీ టెక్సాస్‌లో గానీ టీసీ అన్న పేరుతో విడిగా లైసెన్స్ లేదు. ఎవరైనా "సర్టిఫైడ్ టీసీ" అంటే ఒక శిక్షణ పూర్తిచేశారని అర్థం. అది మంచిదే, కానీ లైసెన్స్‌తో సమానం కాదు. లైసెన్స్ లేని మనిషి గుమాస్తా పని చేయవచ్చు: ఫైల్ తెరవడం, గడువులు గుర్తుచేయడం, సంతకాలకు పంపడం, లెండర్‌ను, టైటిల్ కంపెనీని (ఆస్తి హక్కులు సరిచూసి క్లోజింగ్ జరిపే సంస్థ), ఇన్‌స్పెక్టర్‌ను సమన్వయం చేయడం. బేరమాడకూడదు, కాంట్రాక్ట్‌లో మాటకు అర్థం చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు.

కాగితం మీద ఈ గీత స్పష్టంగానే ఉంటుంది. ఫోన్లోనే చెరిగిపోతుంది. "ఆప్షన్ పీరియడ్ ఆదివారం సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది" అని కొనేవాళ్లకు గుర్తుచేయడం టీసీ పని (ఆప్షన్ పీరియడ్ అంటే కారణం చెప్పకుండా కొనుగోలు రద్దు చేసుకోగల గడువు). "అప్పటిలోగా రద్దు చేసుకోండి, లేకపోతే డబ్బు పోతుంది" అంటే సలహా. రిపేర్లకు మీరు రాసిన అడెండమ్‌ను (కాంట్రాక్ట్‌కు జతచేసే కాగితాన్ని) పంపడం టీసీ పని. "5,000 అడిగారు గానీ 3,000కి ఒప్పుకుంటారనుకుంటా" అని అవతలి ఏజెంట్‌తో అనడం బేరం.

ఏజెంట్ లైసెన్స్ ఉన్న టీసీ దొరికితే ఇంకా మంచిదని అనుకుంటారు. కాంట్రాక్ట్ భాష తెలిసి ఉంటుంది, నిజమే. కానీ ఆ లైసెన్స్ ఇంకో బ్రోకర్ కింద ఉంటే మీ ఫైల్‌లో లైసెన్స్ అవసరమైన పని చేయించి నేరుగా డబ్బివ్వడం కుదరదు. అలాంటివాళ్లకూ గుమాస్తా పని హద్దే పెట్టండి.

3. ఎక్కడ వెతకాలి

మీ ఆఫీసులో ఇప్పటికే టీసీ ఉంటే మొదట అక్కడే. లేదంటే టైటిల్ కంపెనీలో క్లోజింగ్ చూసేవాళ్లను, కాలిఫోర్నియాలో అయితే ఎస్క్రో ఆఫీసర్లను (రెండు పక్షాల డబ్బు, కాగితాలు మధ్యలో ఉంచుకుని క్లోజింగ్ నడిపేవాళ్లను) అడగండి. ఎవరి ఫైళ్లు పూర్తిగా వస్తాయో, ఎవరికి నాలుగుసార్లు గుర్తుచేయాల్సి వస్తుందో రోజూ చూసేది వాళ్లే. "మీకు ఏ టీసీ నుంచి ఫైల్ వస్తే ప్రాణం హాయిగా ఉంటుంది?" అని అడిగితే రెండు మూడు పేర్లు వెంటనే చెబుతారు.

జాగ్రత్త: టైటిల్ కంపెనీయో లెండరో "మా దగ్గరకు ఫైళ్లు పంపండి, టీసీని ఉచితంగా ఇస్తాం" అంటే ఒప్పుకోకండి. ఇళ్ల క్లోజింగ్‌లకు సంబంధించిన ఫెడరల్ చట్టం రెస్పా సెక్షన్ 8 ప్రకారం రిఫరల్‌కు బదులుగా విలువైనదేదీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఉచిత టీసీ విలువైనదే.

4. పేరు సరిచూడండి

లైసెన్స్ ఉందని చెబితే ఆ రాష్ట్ర రియల్ ఎస్టేట్ కమిషన్ లేదా డిపార్ట్‌మెంట్ సైట్‌లో పేరు వెతకండి. లైసెన్స్ ప్రస్తుతం చెల్లుతోందా, ఏ బ్రోకర్ కింద ఉంది, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా చూడండి. ఐదు నిమిషాల పని.

5. పరీక్ష పెట్టండి

ఆ పాత ఫైల్‌ను పంపి 24 గంటలు ఇవ్వండి. అడగాల్సినవి రెండే: గడువుల పట్టిక, ఫైల్‌లో లోపించినవాటి జాబితా. ఈ పనికి గంటన్నర, రెండు గంటల డబ్బు ఇవ్వండి. ఊరికే చేయమంటే పని ఉన్న మంచివాళ్లు రారు.

టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి ఒకటి నుంచి నాలుగు కుటుంబాల ఇళ్ల రీసేల్ కాంట్రాక్ట్‌తో ఒక ఉదాహరణ చూడండి. ఎఫెక్టివ్ డేట్ (కాంట్రాక్ట్ అమల్లోకి వచ్చే తేదీ) గురువారం, జూన్ 4. ఆప్షన్ పీరియడ్ 10 రోజులు. ఎర్నెస్ట్ మనీ (కొనేవాళ్లు కట్టే బయానా), ఆప్షన్ ఫీ (ఆప్షన్ హక్కుకు కట్టే రుసుము) రెండూ ఎఫెక్టివ్ డేట్ తర్వాత 3 రోజుల్లోగా టైటిల్ కంపెనీకి చేరాలి.

ఎఫెక్టివ్ డేట్ లెక్కలోకి రాదు. శుక్రవారం ఒకటో రోజు. డబ్బుకు మూడో రోజు జూన్ 7, ఆదివారం. డబ్బు చేర్చే గడువు శని, ఆదివారాల్లో గానీ సెలవు రోజున గానీ పడితే తర్వాతి పనిదినానికి జరుగుతుందని కాంట్రాక్టే చెబుతుంది. కాబట్టి సరైన జవాబు సోమవారం, జూన్ 8.

ఇప్పుడు ఆప్షన్. పదో రోజు జూన్ 14, అదీ ఆదివారమే. ఇది జరగదు. ఆదివారం సాయంత్రం 5 గంటలకు, ఇల్లు ఉన్న చోటి సమయం ప్రకారం, ముగిసిపోతుంది. ఒకే కాంట్రాక్ట్‌లో రెండు ఆదివారాలు, రెండు వేర్వేరు జవాబులు. "ఆప్షన్ ముగింపు: జూన్ 15, సోమవారం" అని రాసిన టీసీ ఒక రోజు మాత్రమే తప్పలేదు. ఆ తేదీని నమ్మి సోమవారం పొద్దున రద్దు నోటీసు పంపిన కొనుగోలుదారుకు కారణం చెప్పకుండా బయటికొచ్చే హక్కు అప్పటికే పోయింది, ఎర్నెస్ట్ మనీ చిక్కులో పడింది. ఆప్షన్ ఫీ గడువులోగా చేరకపోతే ఆ హక్కు మొదటికే ఉండదు. అందుకే టైటిల్ కంపెనీ రసీదు ఫైల్‌లో ఉందో లేదో కూడా జవాబులో రావాలి.

మూడో మెలిక: టైటిల్ కమిట్‌మెంట్‌కు (టైటిల్ ఇన్సూరెన్స్ ఇస్తామని టైటిల్ కంపెనీ రాసిచ్చే కాగితానికి) 20 రోజుల గడువు. అది ఎఫెక్టివ్ డేట్ నుంచి కాదు, టైటిల్ కంపెనీకి కాంట్రాక్ట్ అందిన రోజు నుంచి. కాబట్టి ఇక్కడ మంచి జవాబు తేదీ కాదు, ప్రశ్న: "టైటిల్ కంపెనీకి కాంట్రాక్ట్ ఎప్పుడు అందింది?" ఆ ప్రశ్న అడిగిన అభ్యర్థిని వదులుకోకండి.

లోపాల జాబితా కోసం ఫైల్‌లో మీరే మూడు లోపాలు పెట్టండి. ఒక పేజీలో ఇనిషియల్స్ తీసేయండి. సెల్లర్ డిస్‌క్లోజర్‌లో (ఇంటి స్థితి గురించి అమ్మేవాళ్లు ఇచ్చే ఫారంలో) ఒక సంతకం తీసేయండి. ఇల్లు కట్టిన సంవత్సరం 1972 అని ఉంచి, లెడ్ పెయింట్ (సీసం ఉన్న రంగు) అడెండమ్ లేకుండా పంపండి. 1978కి ముందు కట్టిన ఇళ్లకు ఆ డిస్‌క్లోజర్ ఫెడరల్ చట్టం ప్రకారం తప్పనిసరి. కొనేవాళ్ల ఫైల్ అయితే బయ్యర్ ఒప్పందం కూడా తీసి చూడండి: 2024 ఆగస్టు 17 నుంచి ఎంఎల్ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ల వివరాలు పంచుకునే వ్యవస్థలో) ఉన్న ఏజెంట్లు ఇల్లు చూపించేముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. అది లేదని పట్టుకోనివాళ్లు పాత చెక్‌లిస్ట్‌తోనే నడుస్తున్నారన్నమాట.

కాలిఫోర్నియాలో ఉంటే పరీక్ష వేరు. అక్కడ గడువు దాటినంత మాత్రాన కంటింజెన్సీ (ఇన్‌స్పెక్షన్, లోన్ వంటివాటిపై కొనేవాళ్లు పెట్టుకున్న షరతు) పోదు. కొనేవాళ్లు రాతపూర్వకంగా తొలగించేవరకు అలాగే ఉంటుంది. అమ్మేవాళ్లు ఆ కారణంతో రద్దు చేయాలంటే ముందు నోటీస్ టు బయ్యర్ టు పెర్ఫార్మ్ (చేయాల్సింది చేయమని కొనేవాళ్లకు ఇచ్చే నోటీసు) ఇవ్వాలి. టెక్సాస్ ఆప్షన్‌కు ఇది పూర్తిగా ఎదురు. కాబట్టి ఇలా అడగండి: "కంటింజెన్సీ గడువైన 17వ రోజు దాటింది, రిమూవల్ ఫారం రాలేదు. ఇప్పుడు పరిస్థితి ఏమిటి?" "కంటింజెన్సీ అయిపోయింది" అంటే వాళ్ల అనుభవం వేరే రాష్ట్రానిది. ఏ రాష్ట్రంలోనైనా మీ ఫారం చదివి, గడువు జరిగేది ఒకటి, జరగనిది ఒకటి వెతికి పరీక్షలో పెట్టండి.

జవాబు వచ్చాక ఇలా దిద్దండి. ప్రతి తేదీ పక్కన కాంట్రాక్ట్ పేరా నంబర్ ఉందా? గంట రాశారా? అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టారా? ఒక లోపం వదిలేసినా నేర్పుకోవచ్చు. తప్పు తేదీని ఏ అనుమానమూ లేకుండా రాసినవాళ్లతో మాత్రం ముందుకెళ్లకండి. ఖాళీ కనిపిస్తే ఎవరైనా అడుగుతారు, తప్పు తేదీ కనిపిస్తే నమ్మేస్తారు.

6. మాట్లాడండి

పరీక్ష నెగ్గినవాళ్లతోనే, అరగంట చాలు. ఇప్పుడు చేతిలో ఎన్ని ఫైళ్లున్నాయి? ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూస్తారు? శని, ఆదివారాల్లో ఫోన్ ఎత్తుతారా? ఆప్షన్ ఆదివారం ముగిసే రాష్ట్రంలో చివరి ప్రశ్న చిన్నదేమీ కాదు.

7. పాత ఏజెంట్లకు ఫోన్ చేయండి

ఇద్దరు ఏజెంట్లతో, ఒక క్లోజింగ్ ఆఫీసర్‌తో మాట్లాడండి. "ఎలా పనిచేస్తారు?" అంటే "బాగా" అంటారు, అంతే. "ఈ సంవత్సరం ఏ గడువైనా దాటిందా, దాటితే మీకు ఎప్పుడు చెప్పారు?" అని అడగండి. తప్పు జరిగిన గంటలోపే ఫోన్ చేసే టీసీ, తప్పే జరగలేదనే టీసీ కంటే నమ్మదగినవాళ్లు.

8. డబ్బు, ఒప్పందం

చాలాచోట్ల ఫైల్‌కు 300 నుంచి 500 డాలర్ల మధ్య ఫీజు నడుస్తుంది, క్లోజింగ్ రోజున ఇస్తారు. రద్దయిన ఫైల్‌కు ఎంత ఇవ్వాలో ముందే రాసుకోండి. ఇన్‌స్పెక్షన్ తర్వాత రద్దయినా టీసీ సగం పని అప్పటికే చేసి ఉంటారు. మీ ఫైళ్లలో నాలుగోవంతు రద్దయ్యేవైతే "క్లోజయితేనే డబ్బు" అన్న షరతు వాళ్లను మోసం చేసినట్టే, ఎక్కువ కాలం నిలవరు కూడా. ఫీజు క్లయింట్‌తో కట్టించాలంటే బ్రోకర్ ఒప్పుకోవాలి, మొదటి ఒప్పందంలోనే రాతలో ఉండాలి. క్లోజింగ్ టేబుల్ దగ్గర కొత్తగా కనపడకూడదు.

ఒప్పందంలో ఇవి తప్పకుండా ఉండాలి: ఏ పనులు, ఏవి కావు, కాంట్రాక్ట్ అందిన 24 గంటల్లో గడువుల పట్టిక, క్లయింట్ వివరాల గోప్యత, బదులు మనిషి పేరు, ఇద్దరిలో ఎవరు వద్దనుకున్నా నడుస్తున్న ఫైళ్లు ఎలా అప్పగిస్తారో.

వాళ్లు ఇండిపెండెంట్ కాంట్రాక్టర్ అయితే మొదటి చెల్లింపుకు ముందే డబ్ల్యూ-9 (వాళ్ల పన్ను నంబర్ ఉండే ఫారం) తీసుకోండి. 1099-ఎన్‌ఈసీ (కాంట్రాక్టర్‌కు ఎంత ఇచ్చారో పన్ను శాఖకు తెలిపే ఫారం) ఇవ్వాల్సిన పరిమితి 2025లో చేసిన చెల్లింపులకు 600 డాలర్లు; 2026లో చేసే చెల్లింపులకు 2,000. గడువు మరుసటి సంవత్సరం జనవరి 31. పని గంటలు, పని తీరు అన్నీ మీరే నిర్ణయిస్తూ కాంట్రాక్టర్ అని పిలిస్తే కుదరదు. కాలిఫోర్నియాలో ఏబీసీ టెస్ట్ (కాంట్రాక్టరా, ఉద్యోగా అని తేల్చే నియమం) ఇంకా గట్టిది, అకౌంటెంట్‌ను అడిగాకే ముందుకెళ్లండి.

ఇండియాలో ఉన్నవాళ్లను పెట్టుకోవచ్చా?

దీన్ని చాలామంది అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ బ్రోకర్ రాతపూర్వక అనుమతి ముందు. క్లయింట్ సోషల్ సెక్యూరిటీ నంబర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు వాళ్ల దాకా వెళ్లనే కూడదు. టీసీకి వాటి అవసరమే లేదు, లెండర్‌కు నేరుగా పంపించండి. పన్నుకు డబ్ల్యూ-9 కాదు, విదేశీయులు ఇచ్చే ఫారం డబ్ల్యూ-8బెన్ తీసుకోవాలి. ఇక సమయం: టెక్సాస్‌లో వేసవి సాయంత్రం 5 గంటలంటే ఇండియాలో మర్నాటి తెల్లవారుజాము 3:30. ఆ వేళ ఎవరు మేలుకుంటారో తేలకపోతే గడువు రోజు పనులు ఇక్కడివాళ్లకే ఇచ్చి, ఫైల్ సర్దడం, చెక్‌లిస్ట్ చూడడం మాత్రం అక్కడ చేయించండి.

9. మొదటి మూడు ఫైళ్లు

మొదటి ఫైల్ చిన్నది, తిన్ననిది ఇవ్వండి. వారసుల ఆస్తి, షార్ట్ సేల్ (లోన్ బాకీ కంటే తక్కువకు లెండర్ ఒప్పుకోలుతో జరిగే అమ్మకం) వంటివి వద్దు. మూడు ఫైళ్ల వరకు గడువుల పట్టికను మీరు కూడా విడిగా తీసి పోల్చండి. తేదీలు మీ క్యాలెండర్‌లో కూడా ఉండాలి, ఒక్క టీసీ క్యాలెండర్‌లోనే కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు

సంతకం పాస్‌వర్డ్ ఇచ్చేయడం. "నా తరఫున ఇనిషియల్ చేసేయండి" అని డాక్యుసైన్ లాగిన్ ఇవ్వడం అన్నిటికంటే ప్రమాదం. మీ సంతకం మీరే చేయాలి. ఎంఎల్ఎస్‌కు కూడా మీ లాగిన్ ఇవ్వకుండా సహాయకుల లాగిన్ తీసుకోండి.

వైర్ సూచనలు (డబ్బు ఏ ఖాతాకు పంపాలో చెప్పే వివరాలు) టీసీ ఈమెయిల్ ద్వారా పంపడం. మోసగాళ్లు ఈమెయిల్ ఖాతాల్లో దూరి, సంభాషణ చదువుతూ కూర్చుని, క్లోజింగ్‌కు ముందు అచ్చం టైటిల్ కంపెనీలాగే "ఖాతా మారింది" అని రాస్తారు. టీసీ అందరితోనూ ఈమెయిల్ నడుపుతారు కాబట్టి వాళ్ల ఖాతా మంచి ఎర. నియమం ఒకటే: టీసీ వైర్ సూచనలు పంపకూడదు, ఫార్వర్డ్ చేయకూడదు. కొనేవాళ్లు ఈమెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా, ముందే విడిగా తెలుసుకున్న టైటిల్ కంపెనీ నంబర్‌కు ఫోన్ చేసి సరిచూసుకోవాలి. టీసీ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టించండి. డబ్బు తప్పు ఖాతాకు వెళ్లిందని తెలిసిన క్షణమే పంపిన బ్యాంకుకు ఫోన్ చేసి, ఎఫ్‌బీఐ ఐసీ3లో (ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రంలో) ఫిర్యాదు పెట్టాలి. గంటలు గడిచేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

క్లోజింగ్ డిస్‌క్లోజర్‌ను (లోన్ చివరి లెక్కల పత్రాన్ని) లెండర్ పని అని వదిలేయడం. అది కొనేవాళ్లకు క్లోజింగ్‌కు కనీసం 3 పనిదినాల ముందు అందాలి. ఈ లెక్కలో శనివారం కూడా పనిదినమే. ఆదివారాలు, ఫెడరల్ సెలవులు కావు. శుక్రవారం క్లోజింగ్ అంటే, మధ్యలో సెలవు లేకపోతే, మంగళవారం లోపు అందాలి. పంపడం లెండర్ పనే, కానీ కొనేవాళ్లు ఆ ఈమెయిల్ తెరిచి అందినట్టు నొక్కారా అని అదే రోజు అడగాల్సింది టీసీ. తెరవని ఈమెయిల్ వల్లే శుక్రవారం క్లోజింగ్‌లు సోమవారానికి పోతాయి.

టీసీని మీ గొంతుగా వాడుకోవడం. క్లయింట్‌కు చెడు కబురు, అంటే అప్రైజల్ (ఇంటి విలువ అంచనా) తక్కువ వచ్చిందనో లోన్ ఆగిందనో, టీసీతో చెప్పించకండి. వెంటనే "మరి ఏం చేయమంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు టీసీ జవాబు చెప్పకూడదు.

పని సరిగ్గా సాగుతోందా, ఎలా తెలుస్తుంది?

మూడో ఫైల్ క్లోజయ్యాక చూడండి. గడువుల పట్టిక ప్రతిసారీ 24 గంటల్లో వచ్చిందా? బ్రోకరేజ్ ఫైల్‌ను ఎన్నిసార్లు వెనక్కి పంపింది? రెండోసారి మూడోసారి కూడా అదే కాగితం లేదని వెనక్కి వచ్చిందంటే చెక్‌లిస్ట్ వాడట్లేదు. క్లయింట్ మీకు ఫోన్ చేసి "ఇప్పుడు ఏం జరుగుతోంది?" అని ఎన్నిసార్లు అడిగారు? వారానికోసారి టీసీ నుంచి కబురు వెళ్తుంటే ఆ ఫోన్లు తగ్గాలి.

ఆ తర్వాత మూడు నెలలకోసారి క్లోజయిన ఫైల్ ఏదో ఒకటి తెరిచి, అన్ని పక్షాల సంతకాలున్న చివరి కాంట్రాక్ట్ కాపీ రెండు నిమిషాల్లో దొరుకుతుందో లేదో చూడండి. ఫైల్ టీసీ సొంత ఖాతాలో కాకుండా మీ బ్రోకరేజ్ ఖాతాలోనే ఉందా అని కూడా చూడండి. టెక్సాస్‌లో బ్రోకర్ రికార్డులను 4 సంవత్సరాలు, కాలిఫోర్నియాలో 3 సంవత్సరాలు ఉంచాలి. టీసీ మానేసిన రోజున వాళ్ల ఖాతాతో పాటు మీ ఫైళ్లూ వెళ్లిపోకూడదు.